తోటమాలులే కోరస్ పాడిన బంగళా

వేల్స్ పల్లెలో మ్యూజిక్ ఫెస్టివల్ అంటే మనకి బురద, టెంట్లు, చేతిలో బీరు గ్లాసు గుర్తొస్తాయి. గ్రెగనోగ్ కథ వేరు. పావిస్ కౌంటీలో ట్రెగనన్ అనే చిన్న ఊరి పక్కనున్న బంగళా అది. అక్కడ 1933లో సంగీతం, కవిత్వం కలిపి పండగ మొదలుపెట్టిన అక్కాచెల్లెళ్లు గ్వెండొలిన్, మార్గరెట్ డేవిస్ అసలు మందు ముట్టేవాళ్లే కాదు.

బర్మింగ్‌హామ్‌లో ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు ఓ శనివారం వెళ్లాను. న్యూటౌన్ దాకా రైలు, తర్వాత ట్యాక్సీ. దూరం నుంచి తెల్ల గోడల మీద నల్లటి కలప దూలాల్లా కనిపిస్తాయి. దగ్గరికెళ్తే అంతా కాంక్రీటే! 19వ శతాబ్దంలోనే అలా పోత పోశారట. సివిల్ చదివిన మా రూమ్మేట్‌కి ఫొటో పంపితే నమ్మలేదు.

డబ్బంతా బొగ్గుది. తాత డేవిడ్ డేవిస్‌కి రోండా లోయలో గనులుండేవి. ఎగుమతికి బారీ రేవు కట్టించిన వాళ్లలో ముఖ్యుడు ఆయనే. మనవరాళ్లు ఆ సొమ్ముతో మోనే, రెన్వార్ బొమ్మలు కొన్నారు. బిలియర్డ్స్ గదిని మ్యూజిక్ రూమ్‌గా మార్చారు.

నన్ను పట్టేసింది మాత్రం వాళ్ల కోరస్. హోల్‌స్ట్, వాన్ విలియమ్స్ లాంటి స్వరకర్తలు వచ్చిపోయిన ఆ ఇంట్లో తోటమాలులు, పనివాళ్లు, చుట్టుపక్కల జనం కలిసి పాడేవారు. అమ్మగారు పాడమంటే కాదనే పనివాడు ఉంటాడా? ఆఫీసులో ఫన్ ఫ్రైడే పేరుతో స్టెప్పులేసే మనకి ఈ డౌట్ రావడం సహజం. నాకూ వచ్చింది.

కానీ ఒకటి మర్చిపోకూడదు. వేల్స్‌లో అప్పటికే పల్లె చాపెళ్లలో నాలుగు గొంతులు విడివిడిగా పట్టి పాడటం మామూలే. స్టాఫ్ నొటేషన్ రానివాళ్లు టానిక్ సోల్-ఫా నేర్చుకునేవారు. అంటే డో, రే, మీ స్వరాలని అక్షరాలతో రాసుకోవడం. మన సరిగమల లెక్కే! అందుకే పాట వాళ్లకి అమ్మగార్లు పెట్టిన భిక్ష కాదంటాను. వాళ్ల దగ్గర ఉన్నదే. అమ్మగార్లు గది ఇచ్చారు, మంచి సంగీతం తెప్పించారు, అంతే.

1938 తర్వాత పండగ ఆగింది. యుద్ధంలో బంగళా రెడ్‌క్రాస్ వాళ్ల చేతికొచ్చి, కోలుకునే రోగులకి విడిది అయింది. 1988లో గాయకుడు ఆంథొనీ రోల్ఫ్ జాన్సన్ ఉత్సవాన్ని మళ్లీ నిలబెట్టాడు. ఈ కొత్త ఇన్నింగ్స్ గొప్పదే కావచ్చు. నాకు మాత్రం ఆ తోటమాలుల గొంతులే వినాలనిపించింది.

వెళ్లేవాళ్లకో మాట: న్యూటౌన్‌లో దిగగానే తిరుగు ట్యాక్సీ కూడా మాట్లాడేసుకోండి. ఆదివారమైతే మరీను.