షంషాబాదు సంఖ్య

హైదరాబాదునకు దక్షిణమున షంషాబాదు అను ఊరు కలదు. 2008 మార్చి 23వ తేదీనుండి నగరమునకు వచ్చిపోవు ప్రయాణికుల విమానములు అచ్చటనే దిగుచున్నవి. అయితే ఇంచుమించు అదే పేరుగల ఊళ్ళు ఇంకను ఉన్నవి. ఆగ్రా జిల్లాలో ఒకటి, మధ్యప్రదేశమున విదిశ జిల్లాలో ఒకటి. జాబుమీద ఊరిపేరు మాత్రము వ్రాసినచో తపాలావారేమి చేయుదురు? ఇట్టి చిక్కులను తీర్చుటకే 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడు ఏర్పడినది. దానిని రూపొందించిన శ్రీరాం భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడ. మన షంషాబాదునకు వచ్చిన సంఖ్య 501218.

తపాలావారికిది గుర్తు మాత్రమే. లెక్కలవానికి ఇది ఐదు లక్షల ఒక వేయి రెండువందల పదునెనిమిది అను పూర్ణసంఖ్య. దీని కడుపులో ఏమున్నదో చూతము.

సరిసంఖ్య గనుక 2చే భాగింపగా 250609 వచ్చును. ఇచ్చటినుండి ఓపిక కావలెను. 3, 5, 7, 11 అనుచు ప్రధానసంఖ్యలతో వరుసగా భాగించుచు పోయినచో, 71 వరకు ఏదియు నిశ్శేషముగా భాగింపదు. చాలమంది ఈపాటికే విసిగి పలక క్రింద పెట్టుదురు. ఇంకొక్క అడుగు వేసినచో 73 దానిని భాగించును. భాగఫలము 3433.

ఈ 3433 ప్రధానసంఖ్యయేనా? మరల భాగింప నక్కరలేదు. 73కు లోబడిన ప్రధానసంఖ్య యేదైనను దీనిని భాగించునదైనచో, 250609ను ముందే భాగించియుండెడిది. 73ను 73చే గుణించిన 5329 వచ్చును. అది 3433 కంటె పెద్దది. కావున అంతకు మించిన వానితో పనిలేదు. 3433 ప్రధానసంఖ్యయే.

501218 = 2 × 73 × 3433

అసలు వింత ఇక ముందున్నది. 4చే భాగింపగా 1 శేషించు ప్రధానసంఖ్య ప్రతిదియు రెండు వర్గముల మొత్తమగును. 73 అట్టిది: 64, 9ల మొత్తము. 3433 కూడ అట్టిదే: 52 వర్గము 2704, 27 వర్గము 729. అట్టి సంఖ్యల లబ్ధమునకును ఆ గుణమే అబ్బునని బ్రహ్మగుప్తుని సూత్రమువలన తేలును. కనుకనే మన సంఖ్యను రెండు విధముల వ్రాయవచ్చును:

501218 = 707² + 37² = 499849 + 1369
501218 = 557² + 437² = 310249 + 190969

707 ఒకప్పటి బోయింగ్ విమానము పేరు. విమానములు దిగు ఊరి సంఖ్యలో అది కనబడుట కాకతాళీయమే గాని, దానికి అర్థము కల్పింపరాదు.

ఇంకొకటి. ఈ అంకెల మొత్తము 17. తొందరలో చివరి రెండంకెలను తారుమారు చేసి 501281 అని వ్రాసితిమనుకొందము. మొత్తము 17గానే ఉండును. భేదము 63, అనగా 9 యొక్క గుణిజము. ఏ అంకెలు తారుమారైనను భేదము 9చే భాగింపబడును. చిట్టాలో తేడా 9చే భాగింపబడినచో అంకెలు తారుమారైనవేమోయని గుమాస్తాలు మొదట చూచుట ఇందుచేతనే. ఆధార్ సంఖ్యలో పండ్రెండవ అంకె ఇట్టి తప్పులను పట్టుటకే ఉన్నది. పిన్‌కోడులో అట్టి కాపలా అంకె లేదు. తప్పు వ్రాసిన సంఖ్య తనంతట తాను తప్పని చెప్పదు. షంషాబాదు చేరవలసిన జాబు వేరు దారి పట్టును.