చెరువు గండికి చిన్నకోడలే ఎందుకు?

అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువుకు ముసలమ్మ కట్ట అని ఒక చోటుంది. అక్కడ గుడి ఉంది. పసుపు కుంకుమలు, చీర రవికెలు, టెంకాయలు అన్నీ నడుస్తుంటాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పక్కల కూలికి పోయే మన ఆడవాళ్ళలో ఈ పేరు విననివాళ్ళు తక్కువ. పిల్లలు కావాలని మొక్కుకున్నవాళ్ళున్నారు, వానలు రావాలని మొక్కుకున్నవాళ్ళున్నారు. ఆమె ఎవరు, ఎట్లా చచ్చింది, ఎవరు చంపినారు అని అడిగినవాళ్ళు మాత్రం కొద్దిమందే. ఆ ప్రశ్న గురించే ఈ వారం రాస్తున్నాను.

ముసలమ్మ అంటే ముసలామె అనుకోవద్దు. అది పుట్టినప్పుడు పెట్టిన పేరు. అవ్వ పేరో, అమ్మవారి పేరో పెట్టుంటారు. పేరులో ఉన్న ముసలితనం ఆమె బతుకులోకి రానేలేదు. బసిరెడ్డి అనే కాపు ఇంటికి చిన్నకోడలుగా వచ్చిన పడుచుపిల్ల ఆమె.

కథ చాలామందికి తెలిసిందే. పెద్ద వానలు పడినాయి. చెరువు నిండింది. కట్ట తెగేటట్టుంది. తెగితే ఊరు కొట్టుకుపోతుంది, పైరు కొట్టుకుపోతుంది. జనమంతా కట్ట మీద చేరి మన్ను పోస్తున్నారు, రాళ్ళు వేస్తున్నారు, నిలవడం లేదు. అప్పుడు ఊరి దేవత ఒకరి ఒంటి మీదికొచ్చి, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిస్తేనే కట్ట నిలుస్తుందని పలికింది. మాట ఇంటికి చేరింది. ఆమె తల స్నానం చేసి, పసుపు కుంకుమ పెట్టుకుని, అందరి దగ్గరా సెలవు తీసుకుని, గండిలోకి దిగింది. కట్ట నిలిచింది. పల్లెల్లో చెప్పేవాళ్ళు ఇంకొక్క మాట కలుపుతారు: ఆమె చంటిబిడ్డ తల్లి. బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టి పోయిందని కొందరు, చేతిలోనించి తీసి తోడికోడలికిచ్చి పోయిందని కొందరు చెబుతారు.

పొద్దున లేచి పేడకళ్ళెత్తి, రాగులు విసిరి, బిడ్డకు పాలిచ్చి, సద్ది కట్టిన మనిషి మాపుకు లేదు. కథంతా ఒక్కరోజు పని.

పేర్లు ఎవరికి దక్కినాయి?

ఈ చెరువును 1364లో విజయనగరం రాజు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు కట్టించినాడని చెప్పే చరిత్ర ఉంది. పండమేరు వాగుకు అడ్డంగా కట్ట వేసి, ఒక కొసనున్న ఊరికి రాజు పేరుతో బుక్కరాయసముద్రమని, రెండో కొసనున్న ఊరికి రాణి అనంత పేరుతో అనంతసాగరమని పెట్టినారట. ఆ అనంతే తర్వాత అనంతపురమైంది. మన ధర్మవరం సంగతీ ఇట్లాంటిదే. చెరువు కట్టించిన క్రియాశక్తి ఒడయరు తల్లి ధర్మాంబ పేరు మీద ఊరు వెలిసిందని చెబుతారు.

ఒడయరు తల్లి పేరు ఊరికొచ్చింది, రాజు భార్య పేరు జిల్లాకొచ్చింది. కాపు ఇంటి కోడలి పేరు గండికొచ్చింది. ఇక కట్ట మీదికి మన్ను మోసిన ఆడవాళ్ళ పేర్లు ఎక్కడికీ రాలేదు. వాళ్ళలో ఎందరు ఎండకు పడిపోయినారో, ఎందరు నెలలు నిండినాక కూడా గంప ఎత్తినారో ఏ రాతిమీదా చెక్కలేదు.

లెక్క కావాలంటే ఒక లెక్క ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించినాడు. 1369 నాటి శాసనం అక్కడుంది. రోజుకు 1,000 మంది కూలీలు, రాయి తోలడానికి 100 బండ్లు, పని ముగియడానికి 2 ఏళ్ళు పట్టిందని అందులో రాసినారు. మనం కూలి దినాల లెక్క వేసుకుందాం. పండగ, జబ్బు, ముసురు ఏదీ తీసేయకుండా చూస్తే 7 లక్షల 30 వేల దినాలు! రాజు వంశం ఎంత గొప్పదో శాసనంలో పద్యాలున్నాయి. కూలివాళ్ళు మాత్రం అంకెగానే మిగిలినారు. ఆ అంకె అయినా వేసినందుకు సంతోషించాలేమో.

అదే శాసనంలో మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. చెరువుకు ఏయే దోషాలుంటే చెడుతుందో ఆరు చెప్పినారు. కట్టలోనించి నీళ్ళు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ గట్టు లేచి ఉండడం, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఇవీ ఆ ఆరు. చిన్నకోడలు బలి కాకపోవడం ఇందులో లేదు! బుక్కరాయసముద్రం కట్టిన ఐదేళ్ళకే, అదే రాజు కుటుంబం వేయించిన శాసనమిది. అంటే కట్ట ఎందుకు తెగుతుందో ఆ కాలంలోనే తెలుసు. తెలిసినవాళ్ళు ఉన్నారు. తెలియకపోవడం వల్లనే బలి ఇచ్చినారని మనం సర్దిచెప్పుకోలేము.

మన కూలివాళ్ళకు ఇంకా బాగా తెలుసు. ఎండ్రకాయ బొక్కలు, ఎలుక బొక్కలు పూడ్చకపోతే తెగుతుంది. తూము పక్క ఊట పట్టించుకోకపోతే తెగుతుంది. పూడిక తీయక మరవ చాలకపోతే కట్ట మీదినించి పొర్లి తెగుతుంది. పైచెరువు తెగితే ఆ నీళ్ళన్నీ వచ్చి కిందిచెరువు మీద పడతాయి. చిత్రావతి మీద పైన బుక్కపట్నం చెరువు, కింద ధర్మవరం చెరువు. ఈ వరసలో బతికేవాళ్ళకు ఇది పుస్తకం చూసి చెప్పాల్సిన పని లేదు. చెరువు బాగు చూడమని దశబంధం మాన్యాలు రాసిచ్చినారు పాత కాలంలో. మాన్యం తిన్నవాడు కట్ట చూడాల. చూడకపోతే తప్పు వాడిది. కట్ట తెగే రాత్రి మాత్రం దేవత వాడి పేరు పలకదు, చిన్నకోడలి పేరు పలుకుతుంది.

రాజులు చేసింది, కవులు చెప్పింది

ఇది ఒక్క ఊరి మూఢనమ్మకం అనుకోవద్దు. కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, డొమింగో పేస్ అనే పోర్చుగీసు వాడు విజయనగరం చూడ్డానికొచ్చినాడు. హొస్పేట దగ్గర రాజు కట్టిస్తున్న చెరువును చూసినాడు. పదిహేను ఇరవై వేల మంది చీమల మాదిరి పనిచేస్తున్నారని రాసినాడు. ఆ చెరువు రెండు మూడు సార్లు తెగిందట. దేవుడికి కోపం వచ్చింది, మనుషుల రక్తం, గుర్రాల రక్తం, దున్నపోతుల రక్తం కావాలని పురోహితులు చెప్పినారట. వెంటనే 60 మంది మనుషుల తలలు గుడి ముందు నరికించినారని పేస్ రాసినాడు. తర్వాత వచ్చిన నూనిజ్ వాళ్ళు చావుశిక్ష పడిన ఖైదీలని రాసినాడు. ఖైదీలయితే మాత్రం? మనం రాయలవారి గురించి పండితులు చెప్పగా విన్నదంతా భువనవిజయం, అష్టదిగ్గజాలు. ఈ 60 తలలు ఏ సభలోనూ లెక్కకు రావు.

రాజు ఖైదీలను ఎంచుకున్నాడు. ఊరు కోడలిని ఎంచుకుంది. ఎదురు తిరగలేనివాళ్ళు ఎవరో ఇద్దరికీ తెలుసు.

హిందూపురం పక్క కన్నడం, తెలుగు కలగలిసి బతుకుతాయి. సరిహద్దు దాటితే కన్నడ జనం భాగీరథి కథ పాడుకుంటారు. గౌడ చెరువు తవ్విస్తే నీళ్ళు పడవు. ఎవరో ఒక కోడలిని ఇవ్వాలంటారు. పెద్దకోడలిని ఇస్తే ఇల్లు చూసేదెవరని చిన్నకోడలు భాగీరథిని ఇస్తారు. ఇక్కడ నీళ్ళు ఎక్కువై బలి, అక్కడ నీళ్ళు రాక బలి. వరద అయినా కరువు అయినా పోయేది చిన్నకోడలే. ఆమె కొత్తగా వచ్చింది, ఇంట్లో పలుకుబడి లేదు, పుట్టింటివాళ్ళు దూరంగా ఉన్నారు. భూమి మీద హక్కు లేనిది. భూస్వామ్య కుటుంబంలో ఆమె స్థానం ఎంతో తెలుసుకోవాలంటే ఈ రెండు కథలు చాలు.

ముసలమ్మ కథ కాగితం మీదికి ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. అనంతపురం చరిత్ర అని పాత తెలుగు రాత ఒకటుంటే, సి.పి. బ్రౌన్ దొర దాన్ని ఇంగ్లీషులోకి మార్చి 1853లో మద్రాసులో అచ్చు వేయించినాడు. అందులో ఈ కథ ఉంది. దాన్ని తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి గారు 1899లో, కాలేజీలో చదువుకునే వయసులో, ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యం రాసి పోటీలో బహుమతి తెచ్చుకున్నారు. కొత్త తెలుగు కవిత్వానికి అదొక మొదలు అంటారు చదువుకున్నవాళ్ళు. నేను బడి చదువు సరిగా లేనివాణ్ణి. గ్రంథాలయంలో కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివినాను. రాణులను, దేవతలను వదిలిపెట్టి మన సీమ పల్లెటూరి కోడలిని కావ్యానికి నాయికగా చేసినందుకు ఆయనకు దండం పెట్టాల్సిందే. అయితే ఆమె చావును త్యాగంగా చూసి కన్నీళ్ళు పెట్టించడం ఒక పని, ఆ చావును అడిగిన ఊరిని నిలదీయడం ఇంకొక పని. మొదటిది కవి చేసినారు. రెండోది మనకు మిగిలింది.

ఇష్టపడే పోయిందా?

ఈ మాట సభల్లో ఎత్తినప్పుడల్లా ఎవరో ఒక పెద్దమనిషి లేస్తాడు. “ఆమెను ఎవురూ తోయలేదప్పా, ఇష్టపడి పోయింది. ఊరి కోసం పోయింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడొద్దు” అంటాడు.

తక్కువ చేయడం లేదు. ఆమె ధైర్యం గొప్పదే. నా కోపం ఆమె మీద కాదు. కానీ ఇష్టం అంటే ఏమిటో చూడాలి. పెనుకొండ పక్క ఒక పల్లెలో శెనక్కాయలు ఒలిచే చోట ఈ మాటే వచ్చింది. ఒక పెద్దామె చేతిపని ఆపకుండానే అనింది: “పోనంటే ఊరు ఊరుకుంటాదా నాయనా? పోతే దేవత. పోకుంటే ఊరు ముంచిన ముండ. ఆ పొద్దు కట్ట తెగినా ఆమె మీదనే పడ్తాది, మళ్ళేడు తెగినా ఆమె మీదనే పడ్తాది.” పక్కనున్న పడుచుపిల్ల నవ్వి, “గంగమ్మకు కోడలే కావల్లనా అవ్వా? రెడ్డి పనికిరాడా?” అనింది. అందరూ నవ్వినారు. నవ్వులాటకే అన్నా, ఏడు వందల పేజీల పుస్తకంలో కూడా నాకు అంత సూటి మాట దొరకలేదు.

కూలి రేటు మాట్లాడేటప్పుడు కూడా ఇదే ‘ఇష్టం’ వినబడుతుంది. “వాళ్ళిష్టపడే వస్తాండారు కదా ఆ కూలికి” అంటాడు ఆసామి. నెల తిరగని బాలింత కలుపుకు వచ్చినా ఇష్టపడే వచ్చింది. రాకుంటే పొయ్యి వెలగదన్న సంగతి ఇష్టం కింద లెక్కకు రాదు.

1961లో ప్రసూతి సౌకర్యాల చట్టం చేసినారు. ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్లాంటేషన్లలో పనిచేసే ఆడవాళ్ళకు కాన్పు సెలవు, జీతం ఇవ్వాలన్నారు. పరాయి మడిలో వంగి పనిచేసే తల్లిని అందులో చేర్చలేదు. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న దాన్ని మన పక్కనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి మొదలుపెట్టినారు. పని దగ్గర తాగే నీళ్ళు, నీడ, మందుల పెట్టె ఉండాలని ఆ చట్టంలో రాసినారు. ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురో అంతకన్నా ఎక్కువో ఉంటే, వాళ్ళను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాసినారు. పని చోట చచ్చిపోతే కుటుంబానికి 25,000 రూపాయలన్నారు. మంచి రాతలే. పోట్లాడి రాయించుకున్నవే.

ఆ పనుల్లో పెద్ద భాగం చెరువు పనులే. పూడిక తీయడం, కట్టకు మన్ను పోయడం. 650 ఏళ్ళ కిందటి పనే, అవే గంపలు, అవే నడుములు. ధర్మవరం పక్క ఒక చెరువులో మేం చూసినప్పుడు నీడకని ఇచ్చిన పట్ట మడత విప్పకుండా మేటు ఇంట్లో ఉండింది. పిల్లలు ఆరుగురు. ఇద్దరు చీర ఉయ్యాలల్లో తుమ్మచెట్టుకు వేలాడుతున్నారు, మిగతావాళ్ళు ఎండలో మన్నులో ఆడుతున్నారు. చూసుకునే మనిషి లేదు. అడిగితే “ఎవురూ అడగలేదు” అన్నారు. ఆ మధ్యాహ్నం అక్కడే కూర్చుని ఆడవాళ్ళంతా కలిసి కాగితం రాయించినారు. సంతకాలు, వేలిముద్రలు పడినాయి. నాలుగో రోజుకు పట్ట కట్టినారు, ఒక ముసలామెను పిల్లల దగ్గర కూర్చోబెట్టినారు. ఆమెకు మస్టరులో పేరు ఎక్కడానికి ఇంకా రెండు వారాలు పట్టింది, అది వేరే సంగతి.

ఆ పొద్దు కాగితం రాసేటప్పుడే ముసలమ్మ మాట వచ్చింది. బిడ్డను ఒళ్ళో వేసుకుని పాలిస్తున్న ఒకామె అడిగింది: “అన్నా, ఆమె కథ ఎన్నోసార్లు విన్యా. గండిలోకి దిగిందాకా చెప్తారు, కట్ట నిలిచిందని చెప్తారు. ఆ రాత్రి ఆ బిడ్డకు పాలెవురు ఇచ్చినారో యాడా చెప్పరే?”

నేను విన్న ఏ కథలోనూ అది లేదు. నేను జవాబు వెతుక్కునే లోపల పక్కనున్నామె గంప దులుపుకుంటా అనింది: “ఎవురిచ్చింటారు? వాళ్ళింట్లో కూలి చేసే బాలింత ఎవతో ఇచ్చింటాది. తెల్లారి మళ్ళా కట్టకు మన్ను మోసేదానికి పోయింటాది.”