వార్తల్లో పదం: చెర్రీ పిక్

ఒకే సాఫ్ట్‌వేర్ కోడ్ రెండు శాఖలుగా చీలి వేర్వేరు దారుల్లో పెరుగుతుంది. ఒకదానిలో చేసిన మరమ్మతు రెండోదానికీ కావాలి, మిగతా మార్పులు వద్దు. ఆ ఒక్క మార్పునే తెచ్చుకోవడం చెర్రీ పిక్. చిత్తూరు తోటల్లో తోతాపురి కొమ్మను వేరే మామిడి మొక్కకు అంటుకట్టినట్టే.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన, కోడ్ మార్పుల చరిత్రను నమోదుచేసే గిట్‌లో చెర్రీ పిక్ ఒక ఆదేశం. ఉమ్మడి చరిత్ర లేని శాఖలను పూర్తిగా కలపడానికి గిట్ 2016 నుంచి మామూలుగా ఒప్పుకోదు. చెర్రీ పిక్‌కు ఆ అడ్డు లేదు. మార్పుకు ముందున్న స్థితికీ తర్వాతి స్థితికీ తేడాను మాత్రమే అది తీసుకుంటుంది. రెండుచోట్లా ఫైళ్లు పోలికగా లేకపోతే మాత్రం చేత్తో సరిదిద్దుకోవాల్సిందే.

పాత లైనక్స్ కెర్నెళ్లకు భద్రతా మరమ్మతులు చాలావరకు ఇలాగే అందుతున్నాయి. అయితే తెచ్చుకున్న శాఖలో ఆ మార్పుకు కొత్త గుర్తింపు సంఖ్య వస్తుంది. ఆదేశానికి ‘-ఎక్స్’ జతచేస్తే మూలమార్పు సంఖ్య కూడా ఆ మార్పుతో ఉండే సందేశంలో నమోదవుతుంది.