ఇల్లు అమ్మేముందు దలాలీ లెక్క

మా తండ్రిగారు కట్టించిన జగిత్యాల ఇంటిని అమ్మినప్పుడు మధ్యవర్తిని అడగవలసిన మాట ఒకటి మేము అడగలేదు. "నీ రుసుము ఎంత?" అన్నదే ఆ మాట. కూలి, కిరాయి, ప్రాతినిధ్యం వంటి అధ్యాయాలను మదరసాలో ఏటేటా బోధించే మాకే అది స్ఫురించలేదంటే, తక్కిన కుటుంబాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. అందుకే జరిగినదాన్ని దాచకుండా పాఠకుల ముందు ఉంచుతున్నాము.

తల్లిదండ్రులిద్దరూ గతించిన తరువాత ఆ ఇల్లు మా ముగ్గురు అన్నదమ్ములకు, ఇద్దరు చెల్లెళ్లకు వారసత్వంగా సంక్రమించింది. కొడుకుకు రెండు భాగాలు, కూతురికి ఒక భాగం చొప్పున మొత్తం 8 భాగాలు. చెల్లెళ్లు అత్తవారిళ్లలో ఉన్నందున అమ్మకం బాధ్యతను మాకు అప్పగించారు. తెలిసినవారి ద్వారా ఒక మధ్యవర్తి వచ్చాడు. "మీ చేతికి 24 లక్షలు ముడితే చాలు కదా మౌల్వీ సాబ్, మిగతాది నాకు వదిలేయండి" అన్నాడు. మేము సరేనన్నాము. రుసుము ఊసెత్తకపోవడం అతని మంచితనమని కూడా అనుకున్నాము. రిజిస్ట్రేషన్ నాడు తప్ప కొనుగోలుదారును మేము చూసింది లేదు.

ఏడాది తరువాత ఒక వలీమా విందులో ఆ కొనుగోలుదారే మా పక్కన కూర్చున్నాడు. ఇంటికి 28 లక్షలు పెట్టానని మాటల మధ్య అన్నాడు. 24 లక్షలు మా ఖాతాలకు వచ్చాయి. మిగిలిన 4 లక్షలను బయానా పేరిట మధ్యవర్తి చేతికి ఇచ్చాడట. 28 లక్షల మీద రెండు శాతం రుసుము అనుకున్నా 56,000 రూపాయలే అవుతుంది. తక్కిన 3,44,000 రూపాయలు ఐదుగురు వారసులకు చెందవలసిన సొమ్ము. మధ్యవర్తి ఇంటికి వెళ్లి అడిగితే, "మీరు అడిగినంత ఇప్పించాను కదా" అన్నాడు. మా దగ్గర కాగితం లేదు, సాక్షి లేడు. ఉత్త చేతులతో తిరిగివచ్చాము.

మధ్యవర్తిత్వం తప్పుడు వృత్తి కాదు. సహీహ్ బుఖారీలో దలాలీ వేతనం గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ఇబ్నె సీరీన్, అతా, హసన్ వంటి తాబయీ పండితులు ఆ వేతనంలో దోషం లేదన్నారని ఇమామ్ బుఖారీ అక్కడ పేర్కొన్నారు. మదీనా విపణిలో దలాలులుగా పిలువబడుతున్నవారిని దైవప్రవక్త (స) వర్తకులన్న మేలైన పేరుతో సంబోధించారని, వ్యాపారంలో వ్యర్థ ప్రసంగాలూ ప్రమాణాలూ దొర్లుతాయి గనుక దానికి దానధర్మాలను జోడించమని ఉపదేశించారని అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. వృత్తికి గౌరవమూ దక్కింది, హెచ్చరికా అందింది.

"ఇంత ధరకు అమ్ము, ఆపైన వచ్చేది నీది" అనడంలో తప్పులేదని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) అభిప్రాయపడినట్లు కూడా ఆ అధ్యాయంలోనే ఉంది కదా అని కొందరు మమ్మల్ని అడిగారు. నిజమే. కానీ అది యజమాని తన నోటితో, తెలిసి ఇచ్చే అనుమతి. మా మధ్యవర్తి ఆపైన వచ్చేది తనదని చెప్పనూ లేదు, మేము ఒప్పుకోనూ లేదు. అంతేగాక రుసుము ఎంతో ముందే తెలిసి ఉండాలన్నది హనఫీ ధర్మశాస్త్రంలోని మూలసూత్రం. శాతం చొప్పున తీసుకోవడాన్ని ప్రజల అవసరం దృష్ట్యా అనుమతించారు. శాతమైనా, నిర్ణీత మొత్తమైనా, ఇరుపక్షాలకూ తెలిసి ఉండాలి.

దేశ చట్టం కూడా ఈ విషయంలో భిన్నంగా లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, యజమాని అడిగినప్పుడు ప్రతినిధి లెక్క చెప్పాలి (213వ సెక్షన్). యజమాని తరఫున తీసుకున్న సొమ్మును, తనకు న్యాయంగా రావలసింది మినహాయించుకుని, యజమానికి అప్పగించాలి (218వ సెక్షన్). పనిలో దుష్ప్రవర్తనకు పాల్పడితే, ఆ మేరకు రుసుముకు అర్హత కోల్పోతాడు (220వ సెక్షన్). అయితే ఈ హక్కులను నిలబెట్టుకోవాలంటే మన చేతిలో ఆధారం ఉండాలి.

2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అంటే రెరా, మనకు రక్షణగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. ఆ చట్టం కింద నమోదైన ప్రాజెక్టులలో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించే ఏజెంట్లకే అక్కడ నమోదు తప్పనిసరి. వాడకట్టులోని పాత ఇంటిని అమ్మించేవారికి ఆ నిబంధన వర్తించదు. కమీషన్ ఇంత అని రెరా చట్టం నిర్ణయించలేదు. ఒక శాతమన్నా, రెండు శాతమన్నా అది మాట్లాడుకున్న ధరే తప్ప సర్కారు ధర కాదు. కాబట్టి బేరమాడడంలో సంకోచం అక్కరలేదు.

రుసుము ఎంత అన్నది ఒక ప్రశ్న. ఎప్పుడు ఇవ్వాలి అన్నది మరొకటి. ఈ రెండో ప్రశ్న విలువ సిరిసిల్లలోని మా బంధువుకు తెలిసివచ్చింది. ఆయన మరమగ్గాలు నడిపేవారు. అప్పు పెరిగి ఇల్లు అమ్మజూపారు. బయానా ముట్టిన నాడే మధ్యవర్తి తన కమీషన్ మొత్తం తీసుకుపోయాడు. రెండు నెలలకు కొనేవాడు వెనుదిరిగాడు. బేరం తప్పినప్పుడు బయానాను మింగేయడాన్ని హనఫీలతో సహా అధిక సంఖ్యాక ధర్మశాస్త్రవేత్తలు అనుమతించలేదు. అందువల్ల మా బంధువు ఆ సొమ్మును తిరిగి ఇచ్చేశారు. కమీషన్ మాత్రం వెనక్కు రాలేదు. ఇల్లు అమ్ముడుపోలేదు, అప్పు ఇంకొంత పెరిగింది. ప్రత్యేక ఒప్పందం లేనప్పుడు, అప్పగించిన పని పూర్తయ్యేదాకా ప్రతినిధి రుసుము బాకీ పడదని కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ చెబుతుంది. కానీ పని పూర్తికావడమంటే కొనేవాణ్ని తీసుకురావడమా, రిజిస్ట్రేషన్ జరగడమా అన్న దగ్గరే తగాదా మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ పూర్తయి, మొత్తం పైకం ఖాతాలో పడిన తరువాతనే రుసుము అని ముందే రాసుకుంటే ఆ తగాదాకు తావుండదు.

ఎవరు ఇవ్వాలి అన్నది మూడో ప్రశ్న. మధ్యవర్తి యజమాని అనుమతితో తానే అమ్మితే రుసుము అమ్మకందారు మీద పడుతుందని, ఇరువురి మధ్య తిరిగి యజమాని చేతనే అమ్మిస్తే ఆ ఊరి ఆచారాన్ని బట్టి నిర్ణయించాలని హనఫీ గ్రంథం దుర్రె ముఖ్తార్ చెబుతుంది. మన పట్టణాలలో ఒకరు ఇరుపక్షాల నుండి తీసుకుంటారు, మరొకరు ఒక పక్షం నుండే తీసుకుంటారు. ఆచారం ఒక్కతీరుగా లేనిచోట మాట స్పష్టంగా ఉండాలి. రెండు వైపులా తీసుకునేవాడు ఆ సంగతిని ఇద్దరికీ చెప్పి తీసుకోవాలి.

మన జిల్లాలలో ఇంటి యజమాని గల్ఫ్‌లోనూ, ఇల్లాలు ఇక్కడా ఉండడం సాధారణం. కోరుట్లకు చెందిన మా పూర్వ విద్యార్థి కుటుంబమూ అటువంటిదే. మాటిమాటికీ సంతకాల కోసం ఆగడమెందుకు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ నా పేర రాయించండి అని మధ్యవర్తి ఆ ఇల్లాలిని తొందరపెట్టాడు. ఆమె మాకు ఫోన్ చేసి, "ఉస్తాద్, ఇవ్వొచ్చా?" అని అడిగింది. వద్దని చెప్పాము. అమ్మే అధికారాన్ని, ధర చెప్పే అధికారాన్ని, పైకం పుచ్చుకునే అధికారాన్ని కమీషన్ కోసం పనిచేసే ఒక్కడి చేతిలో పెట్టిన తరువాత లెక్క అడిగేవారు మిగలరు. చివరకు భర్త అక్కడి భారత కాన్సులేట్‌లో భార్య పేరనే అధికారపత్రం రాయించి పంపాడు. విదేశంలో రాసిన అటువంటి పత్రానికి, అది భారతదేశానికి చేరిన మూడు నెలల లోపల ఇక్కడ స్టాంపు సుంకం చెల్లించి ముద్ర వేయించుకోవాలి. అధికారపత్రం చేతులు మారినంత మాత్రాన ఇంటి యాజమాన్యం మారదని, అందుకు రిజిస్టరు చేసిన విక్రయ దస్తావేజే కావాలని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది.

రుసుముకు తోడు తక్కిన ఖర్చులనూ ముందే లెక్కవేసుకోవాలి. తెలంగాణలో 2021 జూలై నుండి మునిసిపల్ పట్టణాలలో స్టాంపు సుంకం 5.5 శాతం, బదలాయింపు సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం, మొత్తం 7.5 శాతంగా ఉంది. వేరే ఒప్పందం లేనప్పుడు స్టాంపు సుంకం కొనేవారిదే. "అందులో సగం మీరు భరించాలి" అని మధ్యవర్తి చివరి నిమిషంలో అంటే ఒప్పుకోనక్కరలేదు. ఇంటి పన్ను, నల్లా బిల్లు, కరెంటు బకాయిలు అమ్మేవారివి. సిరిసిల్ల వారైతే కరెంటు బకాయి లేదన్న రసీదును సహకార విద్యుత్ సంఘం సెస్ నుండి తీసుకుని ఉంచుకోవాలి.

ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవారు ఒక శాతం ఆదాయపు పన్ను మినహాయించి మన పేర జమ చేస్తారు. అమ్మేవారు ప్రవాసి అయితే ఆ 50 లక్షల పరిమితి ఉండదు, మినహాయింపు కూడా ఎక్కువ. గల్ఫ్ కుటుంబాలు ఈ సంగతిని బేరానికి ముందే ఆడిటర్‌ను అడిగి తెలుసుకోవాలి. ఇంటి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం. తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. మా ఇంటి 4 లక్షలు కంటికి కనబడకుండా పోయింది నగదు దారిలోనే. బయానాతో సహా ప్రతి రూపాయీ యజమాని ఖాతాకే రావాలని పట్టుబడితే, ధర దాచడం ఎవరికైనా కష్టమవుతుంది.

మధ్యవర్తిని ఎంచుకునేటప్పుడు ఈ మాటలు అడగండి. గత ఏడాదిలో ఏయే ఇళ్లు అమ్మించారు? ఆ అమ్మకందారులతో మేము మాట్లాడవచ్చునా? కొనేవారిని మా ఎదుట కూర్చోబెట్టి ధర చెప్పిస్తారా? రెండో పక్షం నుండి ఎంత తీసుకుంటారు? మీరు గానీ మీ బంధువులు గానీ కొనదలిస్తే ముందే చెబుతారా? ఈ ప్రశ్నలకు నొచ్చుకునేవాణ్ని అక్కడే వదిలేయడం మేలు. నిజాయితీపరుడు నొచ్చుకోడు. లెక్క తేటగా ఉంటే అతని కష్టార్జితానికీ భద్రత.

తరువాత ఒక కాగితం రాసుకోండి. ఇంటి నంబరు, అడుగుతున్న ధర, రుసుము ఎంత, ఏ ధర మీద, ఎవరు ఎప్పుడు ఇవ్వాలి, ఒప్పందం ఎన్ని నెలలు, బేరం తప్పితే ఏమిటి అన్న విషయాలు అందులో ఉండాలి. ఇరువురి సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు చేయించి చెరొక ప్రతి ఉంచుకోండి. అప్పు లావాదేవీలను రాసుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని బఖరా సూరాలోని 282వ ఆయతు విశ్వాసులను ఆదేశిస్తోంది. ఇల్లంత సొమ్ము చేతులు మారేచోట ఆ జాగ్రత్తను మొహమాటానికి వదులుకోవడం తగదు.

నలుగురి ఇల్లు అమ్మేవారికి మరొక మాట. చెల్లెళ్ల తరఫున బేరం కుదిర్చింది మేము. వారి భాగం మా చేతిలో అమానత్. మధ్యవర్తి మమ్మల్ని మోసగించాడని చెప్పుకోవడం సులభమే గానీ, ధర అడిగి తెలుసుకోకపోవడం మా అలసత్వం. తమ్ముళ్లతో కూర్చుని లెక్క వేశాము. ఒక్కొక్క చెల్లెలికి 43,000 రూపాయలు తక్కువ ముట్టాయి. ముగ్గురమూ కలిసి ఆ సొమ్ము సమకూర్చి ఇచ్చాము. చిన్న చెల్లెలు కవరు తీసుకోలేదు. "పోనీయండి భాయీజాన్, అయిందేదో అయింది" అంది. అది దయతో ఇస్తున్నది కాదని, నీ హక్కు అని చెప్పి ఆమె చేతిలో పెట్టాము.

ఆ ఏడాది నుండి మదరసాలో ప్రాతినిధ్య అధ్యాయం మొదలైన నాడు, అటువంటి ఒప్పంద పత్రం ఒకటి విద్యార్థుల చేత రాయిస్తున్నాము.