మందు దాదర్‌లో.. నొప్పి ఊళ్లో!
చట్టం ఒక్కటే అయినా సరిహద్దు దాటితే దొరకని మార్ఫిన్

దాదర్: పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆసుపత్రికి వచ్చే తెలుగు క్యాన్సర్ రోగులకు దాదర్ కొత్తేమీ కాదు. కొందరు గాడ్గే మహరాజ్ ధర్మశాలలో దిగుతారు. చుట్టాలున్న వాళ్లు నాయిగావ్, వర్లీ, కామాఠిపురా చాళ్లలో ఒకే ఖోలీలో సర్దుకుంటారు. వైద్యం ముగిశాకో, ఇక చేసేదేం లేదని డాక్టర్లు చెప్పాకో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సొంతూరికి బయలుదేరతారు. సంచిలో కొన్నాళ్లకు సరిపడా మార్ఫిన్ గోలీలుంటాయి. ధర్మాబాద్ దాటి బాసర రాగానే రాష్ట్రం మారుతుంది. అసలు కష్టం గోలీలు అయిపోయాక మొదలవుతుంది. ‘మా దగ్గర లేవు, బొంబాయిలనే తెచ్చుకోండ్రి’ అన్న జవాబే చాలాచోట్ల ఎదురవుతుంది.

మరి ఈ మందుకు రాష్ట్రానికో చట్టం ఉందా? ఒకప్పుడు ఉన్నట్టే లెక్క. ఇప్పుడు లేదు. అయినా మందు అందడం లేదు.

లైసెన్సుల చిక్కుముడి
మార్ఫిన్‌ను నల్లమందు నుంచి తీస్తారు. క్యాన్సర్ ముదిరినప్పుడు వచ్చే తీవ్రమైన నొప్పిని తగ్గించడానికి ఇది తప్పనిసరి మందు అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మన దేశంలో 1985లో మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) వచ్చింది. అప్పట్లో నేరం రుజువైతే చాలా కేసుల్లో కనీసం పదేళ్ల జైలు ఉండేది. లెక్కల్లో కాస్త తేడా వచ్చినా ఇరుక్కుంటామని ఆసుపత్రులు, మందుల షాపులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి.

దానికి తోడు ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానివే. చాలాచోట్ల నాలుగైదు లైసెన్సులు కావాలి. ఎక్సైజ్ శాఖ చుట్టూ, ఔషధ నియంత్రణ శాఖ చుట్టూ తిరగాలి. ఒకటి చేతికొచ్చేలోపు ఇంకోదాని గడువు తీరిపోయేది. పక్క రాష్ట్రం నుంచి తెప్పించాలంటే అక్కడ ఎగుమతి పర్మిట్, ఇక్కడ దిగుమతి పర్మిట్! ఫలితంగా 1997 నాటికి దేశం మొత్తమ్మీద మార్ఫిన్ వాడకం 18 కిలోలకు పడిపోయింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించి విదేశాలకు అమ్మే దేశంలో పరిస్థితి ఇదీ!

నిబంధనలు సడలించమని కేంద్రం 1998లో రాష్ట్రాలకు నమూనా పంపింది. ముందుగా స్పందించిన వాటిలో కేరళ ఒకటి. చాలా రాష్ట్రాలు ఏళ్ల తరబడి పట్టించుకోలేదు.

2014లో మలుపు
చివరికి 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్.. ఈ ఆరింటినీ అత్యవసర మత్తు మందులుగా 2015లో ప్రకటించారు. వీటికి దేశమంతా ఒకే నిబంధన. పలు లైసెన్సుల బాధ పోయింది. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు ఇస్తే ఆసుపత్రి ఈ మందులు తెప్పించుకోవచ్చు. శిక్షణ పొందిన డాక్టరు ఉండాలి, లెక్కలు సరిగ్గా రాయాలి. అంతే.

చిక్కంతా ఇక్కడే. గుర్తింపు కోసం ఆసుపత్రి ముందుకు రావాలి. చాలా జిల్లాల్లో పెద్దాసుపత్రులు కూడా దరఖాస్తు చేయలేదు. పాత భయం పోలేదు. మార్ఫిన్ రాయడంలో శిక్షణ పొందిన డాక్టర్లూ తక్కువే. కాగితం మీద గీత చెరిగిపోయినా రోగికి మాత్రం సరిహద్దు సరిహద్దే.

అక్కడ ఎక్కువై.. ఇక్కడ తక్కువై
అమెరికాలో సమస్య తిరగబడింది. అక్కడ ఇలాంటి మందులు విచ్చలవిడిగా రాయడంతో లక్షల మంది ప్రాణాలు పోయాయి. దాంతో రాష్ట్రాలు ఎవరికి వారు పరిమితులు పెట్టాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో 2017 నుంచి కొత్త నొప్పికి మొదటిసారి అయిదు రోజుల మందే రాయాలి. ఫ్లోరిడాలో 2018 నుంచి సాధారణంగా మూడు రోజులే. అయినా క్యాన్సర్ రోగులను ఈ పరిమితుల నుంచి మినహాయించారు. దుర్వినియోగాన్ని అడ్డుకోవడం, నొప్పితో ఉన్నవాడికి మందివ్వడం రెండూ ఒకేసారి చేయొచ్చనడానికి ఇదే ఉదాహరణ.

ఊరెళ్లే ముందు..
* డిశ్చార్జి అయ్యేలోపే పాలియేటివ్ కేర్ (నొప్పి ఉపశమన) విభాగంలో ‘మా జిల్లాకు దగ్గర్లో మార్ఫిన్ ఎక్కడ దొరుకుతుంది?’ అని అడగండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. తెలంగాణలో కొన్ని జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు పనిచేస్తున్నాయి. ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర.
* డాక్టర్ చీటీ, డిశ్చార్జి కాగితం అసలువి, జిరాక్సులు వెంట ఉంచుకోండి. గోలీలను వచ్చిన ప్యాకింగ్‌లోనే ఉంచండి. చీటీ ఉన్న రోగి తన మందు తన దగ్గర పెట్టుకోవడం నేరం కాదు.
* గోలీలు అయిపోయేదాకా ఆగొద్దు. వారం ముందే వెతకండి. ఉన్నట్టుండి మానేస్తే నొప్పి తిరగబెట్టడమే కాదు, ఒళ్లంతా ఇబ్బంది పడుతుంది.
* మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు. దానికి మందు కూడా రాయించుకోండి. మోతాదు సొంతంగా పెంచొద్దు. పిల్లలకు అందకుండా దాచండి.

‘మార్ఫిన్ ఇచ్చారంటే ఇక పోయినట్టే’ అన్న అపోహ చాళ్లలోనూ ఉంది, ఊళ్లలోనూ ఉంది. నొప్పి తగ్గితే రోగి తింటాడు, నిద్రపోతాడు, నాలుగు మాటలు మాట్లాడతాడు. ఆ మాత్రం హాయి సొంతూళ్లోనూ దక్కాలంటే మన జిల్లా ఆసుపత్రికి గుర్తింపు ఉందా లేదా అని సూపరింటెండెంట్‌ను అడగాల్సింది మనమే. అడిగేవాళ్లు లేనిచోట దరఖాస్తు కదలదు.