సేవయే గాని పెత్తనము గాదు

త్రాగుబోతు భర్తతో కాపురము చేయు ఇల్లాలి పాట్లు మన సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అప్పులవారికి సమాధానము చెప్పవలెను, బిడ్డలకు నిజము కప్పిపుచ్చవలెను, సీసాలు దాచవలెను, అర్ధరాత్రమున తలుపు తీయవలెను. క్రమముగా ఇంటిబరువంతయు ఆమె భుజములమీద పడును. బరువుతోపాటు పెత్తనమును అలవడును. ఈ రెంటినుండియు విడివడుటకై కొందఱు స్త్రీలు కనుగొన్న మార్గము నిచ్చట వివరించెదను.

1935వ సంవత్సరమున అమెరికాదేశపు ఏక్రన్ పట్టణములో బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారియు, బాబ్ స్మిత్ అను వైద్యుడును కలిసికొనిరి. ఇరువురును త్రాగుడువలన చెడినవారే. తమవంటివారితో మనసు విప్పి మాటలాడుకొనుటచేత త్రాగుడు మానవచ్చునని వారు గ్రహించిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సమాజ మట్లు పుట్టినది.

విల్సన్ భార్య పేరు లోయిస్. ఆమె ఏండ్లతరబడి దుకాణమున ఉద్యోగము చేసి సంసారము నీడ్చినది. భర్త త్రాగుడు మానిన పిదప నొకనాడు, సమావేశమునకు వేళయైనది, త్వరపడుమని ఆత డనగా, ఆమె పట్టరాని కోపముతో చెప్పు విసరినది. తన కోపమునకు తానే నివ్వెఱపోయినది. భర్త బాగుపడెను గదా, తనకు సంతోష మేల లేదు? ఆతనిని బాగుచేయుటయే తన బ్రతుకైనది. ఆ పని ఇతరులు చేసిరి. తానును మారవలసియున్నదని అప్పు డామెకు తోచెను.

1951లో లోయిస్, ఆన్ అను స్నేహితురాలితో గూడి, త్రాగుబోతుల కుటుంబములవారికై అల్-అనాన్ అను సంఘమును నెలకొల్పెను. భర్త త్రాగుడునకు భార్య కారణము గాదు. దాని నదుపుచేయుటగాని నయముచేయుటగాని ఆమె వశము గాదు. తన్ను తాను చక్కబఱచుకొనుట మాత్ర మామె చేతిలోనిది. ఇది వారి బోధ.

ఈ సంఘపు నిర్వాహము విచిత్రమైనది. ఇందు ప్రవేశరుసుము లేదు. సమావేశమున చుట్టు త్రిప్పెడు బుట్టలో ఎవరికి తోచినది వారు వేయుదురు. పరుల విరాళములు స్వీకరింపరు. పత్రికలలో సభ్యుల పూర్తిపేర్లు ప్రకటింపరు. గది తెఱచుట, కుర్చీలు వేయుట, కాఫీ కాచుట, లెక్కలు చూచుట మొదలైన పనులను కొంతకాల మొకరు చేసి పిమ్మట వేఱొకరి కప్పగింతురు. ఎవరికిని ఏ పనియు శాశ్వతముగా అంటుకొనరాదు.

బృందములు ప్రతినిధుల నెన్నుకొనును. ఆ ప్రతినిధులు తమ ప్రాంతమునకు నొకరి నెన్నుకొందురు. ఇట్లెన్నికైనవారి మహాసభ తొలిసారి 1961లో కూడెను. అందఱికంటె పైనున్నవి బృందములు; మహాసభ వానికి సేవ చేయునదియే. 1970లో అంగీకరింపబడిన పండ్రెండు సేవాసూత్రముల సారాంశ మిది: పని యప్పగించినపుడు తగిన అధికారమును ఇయ్యవలెను, పనిభారము వహించువారికి నిర్ణయములలో పాలుండవలెను, స్వల్పసంఖ్యాకుల మొఱ ఆలకింపవలెను, ఏ యొక్కరికిని ఇతరులపై అడ్డులేని అధికార ముండరాదు.

ఇన్ని కట్టుబాట్లేల యని అడుగవచ్చును. ఒక్క వ్యక్తిపై ఆనుకొన్న సంఘము, ఆ వ్యక్తి తొట్రిల్లిననాడు తానును కూలును. కావుననే 1955లో సెయింట్ లూయిస్ నగరమున బిల్ విల్సన్ తన సమాజపు బాధ్యతను స్వయముగా సభ్యుల మహాసభ కప్పగించెను. మఱియు, ఏండ్లకొలది అన్నియు తానే చూచుకొన్న ఇల్లాలికి, ఇతరులు వేసిన కుర్చీలో ఊరక కూర్చుండి వారి మాట వినుటయే గొప్ప చికిత్స.

సోదరీమణులారా! త్రాగుడు లేని యిండ్లలోను ఈ పాఠమునకు పని గలదు. కోడలికో కూతురికో ఒక పని యప్పగింతుము. వెంటనే ప్రక్కన నిలిచి, అట్లుగాదు, ఇట్లనుచుందుము. అది పని యిచ్చుట గాదు, చాకిరి చేయించుట. పనితోగూడ దానిని చేయు తీరునుగూడ వారికే విడిచిపెట్టి చూతము. కూరలో ఉప్పొకనాడు తక్కువగావచ్చును. మన భుజములపై బరువుకూడ ఆనాటినుండియే తగ్గును.