పిండారీల దాడికి ఊళ్లే సాక్ష్యం
కంపెనీ లెక్కకెక్కిన 182 చావులు

చిలకలపూడి: పిండారీలు కృష్ణకు అవతల గుంటూరు సీమ మీద పడి రెండు వందల ఏళ్లు దాటిపోయింది. 1816 మార్చిలో జరిగిన ఆ దాడిలో 339 ఊళ్లు దోపిడీ అయ్యాయి. 182 మందిని దారుణంగా చంపారు. 505 మందికి గట్టి గాయాలు తగిలాయి. 3,603 మంది చిత్రహింసలు పడ్డారు. దండు వెళ్లిపోయిన తరువాత ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం అక్కడికి విచారణ సంఘాన్ని పంపింది. బతికి బయటపడిన వాళ్లు నోరు విప్పి చెప్పబట్టే ఈ లెక్క కాగితం మీదికి ఎక్కింది.

పిండారీలు నర్మదా లోయలో, మాళవ దేశంలో కాపురముండే గుర్రపు దండు. మరాఠా సర్దారుల సైన్యాల వెంట తిరిగేవారు. జీతం నాతం లేదు, దోచుకున్నదే కూలి. 1816 ఫిబ్రవరి మొదట్లో నర్మద దాటి, నిజాం రాజ్యం మీదుగా వచ్చి మార్చి 10న మన పడమటి సరిహద్దున కనిపించారు. తరువాతి రెండు రోజులూ రోజుకు 38 మైళ్లు, అంటే సుమారు 60 కిలోమీటర్లు నడిచారు. ఆ రెండు రోజుల్లోనే నూరుకు పైగా ఊళ్లు దోచి, 12వ తేదీన గుంటూరు చేరారు.

పట్టణంలో ఇళ్లు దోచారు. కలెక్టరు కచేరీని మాత్రం ముట్టలేదు. అక్కడ కొద్దిమంది సిపాయిలు, పని ముగిసిన ముసలి సైనికులు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. ఎదురు నిలిచే చోట ప్రాణం పోగొట్టుకోవడం పిండారీల పద్ధతి కాదు. దొరలూ, సర్కారు ఖజానా క్షేమం. కాపలా లేనివి ఊళ్లే మరి. చీకటి పడకముందే దండు లేచిపోయింది. మరునాడు పడమరగా 52 మైళ్లు నడిచింది.

దాడి అంటే మన పాతవాళ్లకు ముందు గుర్తొచ్చేది పశువుల మంద. విరాటుడి ఆవుల్ని కౌరవులు తోలుకుపోయిన కథ తెలియని ఊరు లేదు. అలాంటి దాడిలో మందను కాచబోయి చచ్చినవాడికి వీరగల్లు నిలిపేవారు. రాయలసీమలో అవి నేటికీ ఉన్నాయి. మంద అయితే కళ్ల ముందు కనిపిస్తుంది, ఎంత తొందరపెట్టినా దాని నడక దానిదే. రోజుకు అరవై కిలోమీటర్లు పోయే గుర్రాలకు పశువులు బరువే. పిండారీలకు కావలసింది నాణెం, నగ. అవేమో మట్టిలో పాతి ఉంటాయి. మనిషి నోరు తెరిస్తేనే బయటపడతాయి.

అందుకని చిక్కినవాడి నోటికి వేడి బూడిద నింపిన సంచి కట్టి, ఊపిరి పీల్చేదాకా వీపు మీద కొట్టేవారు. నూనెలో తడిపిన గుడ్డ చుట్టి నిప్పంటించేవారు. చచ్చినవాడొక్కడికి హింస పడినవాళ్లు దాదాపు ఇరవై మంది చొప్పున తేలడానికి కారణం ఇదే అనిపిస్తుంది. చచ్చినవాడు డబ్బు చూపించలేడు కదా!

ఐనవోలు గ్రామంలో జరిగింది ఇంకా ఘోరం. పిండారీల చేతికి చిక్కడం కంటే చావే మేలని అక్కడివారు భార్యాబిడ్డలతో సహా ఇళ్లకు తామే నిప్పు పెట్టుకుని కాలిపోయారు.

ఇదంతా గుంటూరు గొడవ, బందరుకేమిటి అనుకోవడానికి వీల్లేదు. గుంటూరు నుంచి చిలకలపూడికి దూరం, ఆ దండు ఒక్క రోజులో నడిచిన 52 మైళ్లకు అటూ ఇటూగానే ఉంటుంది. మధ్యన అడ్డం కృష్ణ ఒక్కటే. బెజవాడ ఆనకట్ట కట్టింది 1850 తరువాత. మార్చి నెలలో ఏటిలో ఎంత నీరుంటుందో ఇక్కడి రైతుకు చెప్పనక్కరలేదు. వాళ్లు ఇటు తిరగలేదు కాబట్టి మన ఊళ్లు మిగిలాయి. 1859 నుంచి 1904 వరకు గుంటూరు సీమ కూడా కృష్ణా జిల్లాలోనిదే, దానికీ బందరే ముఖ్యపట్టణం.

కంపెనీ సరిహద్దు లోపల పన్నెండు రోజులకు మించకుండా తిరిగి పిండారీలు మళ్లీ కృష్ణ దాటి నిజాం రాజ్యంలోకి వెళ్లిపోయారు. తరుముతూ వచ్చిన దేశీయ అశ్వికదళం ఒడ్డు చేరేసరికి వాళ్లు అవతల ఉన్నారు. మే నెలకు సొమ్ముతో సహా నర్మద దాటారు. ప్రజలకు పోయిన సొత్తు రెండున్నర లక్షల వరహాల పైనేనని విచారణలో తేలింది.

ఈ విచారణ కాగితాలు పైవాళ్లకు చేరాకే గవర్నరు జనరల్ హేస్టింగ్స్ పిండారీల మీద పెద్ద యుద్ధానికి దిగాడు. 1817, 1818 సంవత్సరాల్లో ఆ దళాలు చెదిరిపోయాయి. వారి నాయకుల్లో చీతూ అడవుల్లో దాక్కుని తిరుగుతూ 1819లో పులి నోట పడ్డాడు. మరో నాయకుడు కరీంఖాన్ 1818లో లొంగిపోయాడు. అతనికి కంపెనీ గోరఖ్‌పూర్ ప్రాంతంలో భూమి ఇచ్చి కాపురం పెట్టించింది.